కాన్సెప్ట్ మ్యూజికల్‌లో కథ ఎక్కడికి పోయింది?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. 2011లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ వాళ్లు చేసిన 'కంపెనీ' అనే మ్యూజికల్ రికార్డింగ్ చూడటం మొదలుపెట్టారు. కథ ఇప్పుడు మొదలవుతుంది, ఇప్పుడు మొదలవుతుంది అని ఎదురుచూస్తుండగానే ఇంటర్వెల్ వచ్చేసింది. తర్వాత ఎక్కడో దీన్ని కాన్సెప్ట్ మ్యూజికల్ అంటారని చదివారు. కథ లేకపోతే కాన్సెప్ట్ మ్యూజికల్ అయిపోతుందా? అమెరికాలో ఇవి 1960, 70లలోనే ఎందుకంత పుట్టుకొచ్చాయి? వీటిని అసలు ఎలా చూడాలి?

ముందు సూటిగా చెప్పేస్తాను. కథ ఉంటుంది, కాకపోతే బండి లాగే పని కథది కాదు. మామూలు మ్యూజికల్‌లో, అంటే పాటలూ డాన్సులతో కథ నడిపే నాటకంలో, మనల్ని కుర్చీలో కూర్చోబెట్టేది "తర్వాత ఏమైంది" అన్న ఆత్రం. కాన్సెప్ట్ మ్యూజికల్‌లో ఆ పని "ఇదంతా దేని గురించి" అన్న ప్రశ్న చేస్తుంది. పాట, డాన్సు, సెట్టు, లైట్లు, చివరికి ఏ పాత్ర ఎక్కడ నిలబడాలి అన్నది కూడా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. ఇవి 60, 70లలోనే రావడానికి నేను చెప్పే మొదటి కారణం ఏమిటంటే, అప్పటికి బ్రాడ్‌వేలో, అంటే న్యూయార్క్‌లోని పెద్ద కమర్షియల్ థియేటర్లలో, పెత్తనం రచయిత, సంగీత దర్శకుల చేతుల్లోంచి దర్శకుడి చేతికి, ముఖ్యంగా డాన్స్ మాస్టర్‌గా మొదలై దర్శకుడైన మనిషి చేతికి వచ్చింది. మిగతా కారణాలు కింద చెబుతాను.

నేను ఎవరినో కూడా చెప్పాలి కదా. న్యూజెర్సీలో పంతొమ్మిదేళ్లుగా కమ్యూనిటీ థియేటర్లలో స్టేజ్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. పగలు చేసేది వేరే ఉద్యోగం. హాలు వెనక బూత్‌లో ప్రాంప్ట్ బుక్ (సూచనలన్నీ రాసుకున్న స్క్రిప్టు) ముందేసుకుని, హెడ్‌సెట్ పెట్టుకుని, ప్రతి లైటు మార్పుకీ ప్రతి సెట్టు కదలికకీ "స్టాండ్‌బై", "గో" అని చెప్పే మనిషిని. కాబట్టి నేను చెప్పేది పుస్తకాల్లో చదివింది కొంత, వెనక కూర్చుని చూసింది ఎక్కువ.

కథ తక్కువగా ఉంటే నాటకం నిలబడదేమో అన్న అనుమానం మనకు అసలు ఉండకూడదు. భామాకలాపంలో కథ ఎంత? సత్యభామ అలిగింది, కృష్ణుడు వచ్చాడు, అంతే. రాత్రంతా కూర్చుని చూసిన జనం కృష్ణుడు వస్తాడా రాడా అన్న టెన్షన్‌తో కూర్చోలేదు. ఆ మనిషి అతిశయం, విరహం, ఆ జడ వెనక ఉన్న గర్వం, వీటిని ఒక్కొక్క దరువులో ఒక్కొక్క వైపు నుంచి చూడటానికి కూర్చున్నారు. మధ్యమధ్య మాధవి వచ్చి ప్రశ్నలు వేసి, ఆటపట్టించి, మనం అనుకునేవే అనేస్తుంది. కూచిపూడికీ బ్రాడ్‌వేకీ చుట్టరికం ఉందని నేననను, లేదు. కానీ 'కంపెనీ' చూడటానికి కావలసిన కళ్లు మీకు ఇప్పటికే ఉన్నాయని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక అమెరికా సంగతి. 1943లో సంగీతం కూర్చే రోజర్స్, రాసే హామర్‌స్టీన్ల 'ఓక్లహోమా!' వచ్చింది, 2,212 ప్రదర్శనలు ఆడింది. పాట అయ్యేసరికి కథ ఒక అడుగు ముందుకు పడి ఉండాలి, డాన్సు కూడా పాత్ర మనసులో ఏముందో చెప్పాలి, అలంకారానికి పాట పెట్టకూడదు అన్న పద్ధతి దాంతో స్థిరపడిపోయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు దాదాపు అందరూ అదే దారిలో నడిచారు. తమాషా ఏమిటంటే ఆ పద్ధతిని మొదట బద్దలు కొట్టాలని చూసింది కూడా వాళ్లిద్దరే. 1947లో 'అలెగ్రో' అని ఒకటి చేశారు. ఒక డాక్టర్ జీవితం పుట్టుక నుంచి 35వ ఏడు దాకా, భారీ సెట్లు లేకుండా, గ్రీకు నాటకాల్లోలా ఒక బృందం పక్కన నిలబడి వ్యాఖ్యానిస్తుండగా సాగుతుంది. 315 ప్రదర్శనలతో ఆగింది, వాళ్ల స్థాయికి అది తక్కువే. ఆ రిహార్సల్స్‌లో కాఫీలు తెచ్చి, స్క్రిప్టులు టైపు చేసిన పదిహేడేళ్ల కుర్రాడు స్టీఫెన్ సాండ్‌హైమ్. తర్వాత అతను పాటలు రాసిన 'కంపెనీ' హీరోకి కూడా సరిగ్గా 35వ పుట్టినరోజే. దాన్నుంచి ఏదీ రుజువు కాదని తెలుసు, అయినా ఆ అంకె చూసినప్పుడల్లా నాకు 'అలెగ్రో' గుర్తొస్తుంది.

మరుసటి ఏడు, 1948లో, కర్ట్ వైల్ సంగీతంతో, అలన్ జే లెర్నర్ రాసిన 'లవ్ లైఫ్' వచ్చింది. ఒక భార్యాభర్తలు 1791 నుంచి 1948 దాకా వయసు పెరగకుండా బతుకుతుంటారు, దేశం మారుతున్నకొద్దీ వాళ్ల కాపురం పాడవుతూ ఉంటుంది, సీనుకీ సీనుకీ మధ్య గారడీ, పాటల కచేరీ లాంటి వినోదం ఐటెమ్‌లు వచ్చి ఆ కాపురం మీద వ్యాఖ్యానిస్తాయి. ఆ ఏడాది సంగీతకారుల సంఘం రికార్డింగులు బంద్ చేయడంతో దీనికి ఆల్బమే రాలేదు. ఆల్బమ్ లేని మ్యూజికల్‌ని జనం మర్చిపోతారు, దీన్నీ అలాగే మర్చిపోయారు. కానీ చూసినవాళ్లు మర్చిపోలేదు.

కాన్సెప్ట్ అన్న మాటను నేను కొత్తవాళ్లకు వివరించేటప్పుడు మొదట చెప్పేది మాత్రం 'ఫిడ్లర్ ఆన్ ది రూఫ్' సంగతి. 1964. దర్శకుడు జెరోమ్ రాబిన్స్ రచయితల్ని కూర్చోబెట్టి, ఇది దేని గురించి అని అడుగుతూ పోయాడు. ఒక పాలవాడు, అతని కూతుళ్లు, వాళ్ల పెళ్లిళ్లు అని చెబితే అది కాదు అన్నాడు. మళ్లీ అడిగాడు, మళ్లీ కాదన్నాడు. చివరికి ఎవరో విసుగెత్తి, ఒక సంప్రదాయం కరిగిపోవడం గురించి అన్నారు. అదీ, దాని మీద పాట రాయండి అన్నాడు. మొదటి పాట అలా పుట్టింది. ఊరంతా ఒకరి చేయి ఒకరు పట్టుకుని వలయంగా వస్తారు. చివర్లో ఆ వలయమే తెగి ఎవరి దారిన వాళ్లు పోతారు. 'ఫిడ్లర్' పూర్తిగా కథ ఉన్న నాటకమే, దాన్ని ఎవరూ అచ్చమైన కాన్సెప్ట్ మ్యూజికల్ అనరు. కానీ ఆ ప్రశ్న అడగడం అక్కడ అలవాటైంది. దాని నిర్మాత హెరాల్డ్ ప్రిన్స్ ఆ అలవాటును తనతో తీసుకెళ్లాడు.

రెండేళ్లకు, 1966 నవంబరులో, ప్రిన్స్ దర్శకత్వంలో 'కాబరే' వచ్చింది. నాజీలు అధికారంలోకి రాబోతున్న బెర్లిన్, ఒక నైట్ క్లబ్, ఒక అమెరికన్ రచయిత, క్లబ్బులో పాడే శాలీ. ఇదొక కథ, మామూలుగానే నడుస్తుంది. దీనికి పక్కనే ఇంకొకటి నడుస్తుంది. క్లబ్బులో ఎమ్సీ, అంటే కార్యక్రమం నడిపే మనిషి, ముఖానికి తెల్లరంగు పూసుకుని పాటలు పాడుతుంటాడు. అతనికి పేరు లేదు, ఇల్లు లేదు, కథలో ఎవరితోనూ సంబంధం లేదు. కానీ అతని ప్రతి పాటా అప్పుడే జరిగిన సీను మీద ఒక దెబ్బ. బయట ఒక యూదు పళ్ల వ్యాపారి పెళ్లి చెడిపోతుంది, లోపల ఎమ్సీ ఒక ఆడ గొరిల్లాతో ప్రేమపాట పాడతాడు, మనం నవ్వుతాం, చివరి లైనులో ఆ గొరిల్లా ఎవరికి పోలికో తెలుస్తుంది. బోస్టన్‌లో ట్రయల్ ప్రదర్శనలప్పుడు జనం ఎంత గొడవ చేశారంటే ఆ లైను మార్చాల్సి వచ్చింది. తర్వాత 1972 సినిమాలో తిరిగి పెట్టారు.

రిహార్సల్ మొదటిరోజు ప్రిన్స్ నటులకు ఒక పత్రికలోని ఫొటో చూపించాడట. చొక్కాల్లేకుండా, పళ్లు కొరుకుతూ కెమెరా వైపు అరుస్తున్న తెల్ల కుర్రాళ్లు. ఎవరనుకుంటున్నారు అని అడిగితే అందరూ హిట్లర్ యువసేన అనుకున్నారు. వాళ్లు అప్పటి చికాగో కుర్రాళ్లు, నల్లజాతివారు తమ మధ్యకు రాకూడదని గొడవకు దిగినవాళ్లు. ఈ నాటకం దేని గురించో ఆ ఫొటోతో అందరికీ అర్థమైంది. సెట్ డిజైనర్ బోరిస్ ఆరన్సన్ స్టేజీ మీద ఒక పెద్ద అద్దాన్ని వంచి వేలాడదీశాడు. జనం హాల్లోకి వచ్చేటప్పటికే అందులో తమ ముఖాలే కనిపిస్తాయి.

మేము 'కాబరే' చేసినప్పుడు అద్దె తీసుకున్నది ఒక హైస్కూల్ ఆడిటోరియం. అంత బరువైన అద్దం పైన కట్టే దారి లేదు. చెక్క ఫ్రేముకి మైలార్ షీటు, అంటే అద్దంలా మెరిసే ప్లాస్టిక్, బిగించి, ముడతలు పోవడానికి హెయిర్ డ్రయ్యర్‌తో అంగుళం అంగుళం వేడిచేశాం. మధ్యాహ్నం బాగానే ఉంది. రాత్రి లైట్లు పడేసరికి మళ్లీ కాస్త వదులైంది, హాలు వెనక ఉన్న ఎర్రటి ఎగ్జిట్ బోర్డు తలకిందులుగా అందులో వెలుగుతోంది. మూడు రోజులు దానితోనే సరిపోయింది. కానీ మొదటి ప్రదర్శన చివర్లో, ఎమ్సీ వెళ్లిపోయాక, నేను క్యూ చెప్పగానే స్టేజీ లైట్లు తగ్గి హాల్లో లైట్లు కొద్దిగా పెరిగాయి, అద్దంలో జనం. గొరిల్లా పాటకు గట్టిగా నవ్విన ఒక పెద్దాయన ముందు వరసలో ఉన్నాడు, ఆయన నవ్వు బూత్ దాకా వినిపించింది. అద్దంలో తనను తాను చూసుకోగానే ఆయన చెయ్యి మెల్లగా నోటి మీదకు వెళ్లింది. చప్పట్లు మొదలైనా ఆ చెయ్యి అక్కడే ఉంది. కాన్సెప్ట్ అంటే ఏమిటని నన్నెవరడిగినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ చెయ్యి. ఆ క్షణంలో శాలీ ఏమైపోయింది అన్న కథ ఎవరికీ గుర్తు లేదు.

ఇక్కడ ఒక చుట్టరికం చెప్పకుండా ఉండలేను. 'కాబరే'లో ఇంటి యజమానురాలి వేషం వేసిన లోట్టే లెన్యా, ఆ 'లవ్ లైఫ్' కర్ట్ వైల్ భార్య. వైల్ 1950లోనే పోయాడు. వైల్, నాటకకర్త బ్రెష్ట్ కలిసి జర్మనీలో చేసిన 'త్రీపెన్నీ ఒపేరా' 1950లలో న్యూయార్క్‌లో ఒక చిన్న హాల్లో ఏళ్ల తరబడి ఆడింది, అందులోనూ లెన్యానే. పాట కథను ఆపి, జనం వైపు తిరిగి, "ఇది చూశారా" అని అడగవచ్చని న్యూయార్క్ వాళ్లకు అక్కడే అలవాటైంది. బెర్లిన్ నుంచి తప్పించుకుని వచ్చినవాళ్ల పద్ధతి, బెర్లిన్ గురించిన నాటకంతోనే బ్రాడ్‌వే పెద్ద స్టేజీ ఎక్కింది.

ఇప్పుడు మీ 'కంపెనీ'. 1970 ఏప్రిల్. జార్జ్ ఫర్త్ అనే నటుడు విడివిడిగా రాసుకున్న చిన్న ఏకాంకికలు సాండ్‌హైమ్ చేతికి వచ్చాయి, అతను ప్రిన్స్‌కి చూపించాడు, ప్రిన్స్ వీటిని మ్యూజికల్ చేద్దాం అన్నాడు. రాబర్ట్ అనే బ్రహ్మచారి, అతని స్నేహితులైన ఐదు జంటలు, ముగ్గురు గర్ల్‌ఫ్రెండ్స్, మొత్తం పద్నాలుగు మంది. పుట్టినరోజు పార్టీ ఒకటే మళ్లీ మళ్లీ వస్తుంది. అది ఒకే పార్టీయా, వేర్వేరు ఏళ్లవా, రాబర్ట్ తల్లోనే జరుగుతోందా, ఎవరూ చెప్పరు. మీరు "కథ ఎప్పుడు మొదలవుతుంది" అని ఎదురుచూసింది ఇక్కడే. మొదలవదు. పెళ్లి అనేదాన్ని ఐదు కిటికీల్లోంచి చూపిస్తారు, చూసేది మాత్రం రాబర్ట్, అతని వెనక మనం. ఆరన్సన్ దీనికి ఉక్కు, ప్లెక్సిగ్లాస్, లిఫ్టులతో సెట్ వేశాడు. మన్‌హట్టన్ అపార్ట్‌మెంట్లలా ఎవరి డబ్బాలో వాళ్లు.

ఈ నాటకం మొత్తంలో నాకు ప్రాణమైన చోటు రెండో భాగం మొదట్లో ఉంది. జంటలన్నీ రాబర్ట్‌ని మధ్యలో పెట్టుకుని, నువ్వు లేకపోతే మేమేమైపోయేవాళ్లం అని హుషారుగా పాడుతూ టోపీలు, కర్రలతో డాన్సు చేస్తారు. మైకేల్ బెనెట్ కూర్చిన డాన్సు. ఒక్కొక్క భర్త షూ చప్పుడుతో చేసే ట్యాప్ డాన్సులో ఒక చిన్న ముక్క వేస్తాడు, టకటక టకటక, అతని భార్య దానికి జవాబు ముక్క వేస్తుంది. ఒక జంట, రెండో జంట, అలా ఐదూ అయిపోతాయి. అప్పుడు రాబర్ట్ తన ముక్క వేస్తాడు. జవాబు రాదు. అంతే. ఒక్క మాట లేదు, ఒంటరితనం గురించి ఎవరూ ప్రసంగం చేయరు. ఆ రెండు బార్ల నిశ్శబ్దంలో నాటకం మొత్తం ఉంది.

మా రిహార్సల్‌లో డ్రమ్మర్ మంచి వాయిద్యగాడు. ఆ ఖాళీ రాగానే చెయ్యి ఆగక చిన్న సింబల్ దెబ్బ వేసేవాడు. మొదటిసారి ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి కూడా వేశాడు. మూడోసారి దర్శకురాలు లేచి ఆయన దగ్గరికి నడిచి వెళ్లి, "ఆ చోటు నాకు ఖాళీగా కావాలి, దయచేసి దాన్ని నింపకండి" అంది, దాదాపు బతిమాలినట్టు. మళ్లీ చేశాం. ఈసారి నిజంగా నిశ్శబ్దం. రాబర్ట్ వేషం వేసిన కుర్రాడి షూ చివరి చప్పుడు గోడకు తగిలి వెనక్కి వచ్చింది. రిహార్సల్ గదిలో ఉన్న ఇరవై మందిమీ కాసేపు ఏమీ మాట్లాడలేదు. నా ప్రాంప్ట్ బుక్‌లో ఆ పేజీలో "ఇక్కడ క్యూ లేదు, ఆగు" అని పెన్సిల్‌తో రాసుకున్నాను. అద్దెకు తెచ్చే స్క్రిప్టుల్లో పెన్సిల్ గీతలన్నీ చెరిపి తిరిగి పంపాలి, అది నియమం, అన్నీ చెరిపేశాను. ఆ ఒక్క పేజీ చెరిపేటప్పుడు మాత్రం మనసొప్పలేదు.

అదే ప్రొడక్షన్‌లో మా బృందంలో ఇద్దరు ముగ్గురు మీలాగే అడిగారు, రాబర్ట్ ఎందుకు పెళ్లి చేసుకోలేదో ఒక చిన్న సీను కలిపితే జనానికి తేలిగ్గా ఉంటుంది కదా అని. లైసెన్స్ తీసుకున్న నాటకంలో ఒక్క మాట మార్చకూడదు కాబట్టి అది ఎలాగూ కుదరదు. కుదిరినా నేను వద్దనే చెప్పేవాడిని. కారణం చెప్పేస్తే అది రాబర్ట్ అనే ఒకడి సమస్య అయిపోతుంది. చెప్పలేదు కాబట్టే హాల్లో ఉన్న ప్రతి భార్యాభర్తా ఇంటికి వెళ్తూ కారులో మాట్లాడుకోవడం మానేసి ఆలోచిస్తారు.

అప్పుడే ఎందుకు వచ్చాయి? దర్శకుల సంగతి చెప్పాను. రాబిన్స్, బాబ్ ఫాసీ, బెనెట్, వీళ్లంతా డాన్సర్లు. డాన్సర్‌కి కథ కంటే ముందు బొమ్మ కనిపిస్తుంది, వలయం, వరస, ఖాళీ. రెండోది, బ్రాడ్‌వే పాటకూ రేడియో పాటకూ మధ్య బంధం తెగింది. 1964 మేలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన 'హలో, డాలీ!' బీటిల్స్‌ని కిందకు నెట్టి నంబర్ వన్ అయింది, కానీ ఆ తర్వాత రోజులు రాక్ సంగీతానివే. నా అభిప్రాయం చెబుతున్నాను, దానివల్ల నష్టపోయింది బ్రాడ్‌వే జేబు, లాభపడింది దాని పాట. విడిగా హిట్ అవ్వాల్సిన అవసరం పోయాక, ఆ నాటకంలో ఆ నిమిషంలో తప్ప ఇంకెక్కడా అర్థం కాని పాట రాసే ధైర్యం వచ్చింది. మూడోది దేశం. వియత్నాం, వీధుల్లో ఊరేగింపులు, 1968లో 'హెయిర్' దాదాపు కథే లేకుండా 1,750 ప్రదర్శనలు ఆడటం. కాలిఫోర్నియాలో ఎవరి తప్పూ చూపించకుండానే విడాకులు తీసుకునే చట్టం 1970 జనవరి 1న అమల్లోకి వచ్చింది, నాలుగు నెలలకు 'కంపెనీ' వచ్చింది. అబ్బాయి, అమ్మాయి, పెళ్లి, శుభం అన్న కథను జనం తమ ఇళ్లలోనే నమ్మడం మానేస్తున్నప్పుడు స్టేజీ మీద ఎంతకాలం నమ్మించగలరు?

తర్వాతి వరుస త్వరగా చెప్పేస్తాను. 1971లో 'ఫోలీస్', కూల్చబోతున్న థియేటర్లో పాత డాన్సర్ల కలయిక, వాళ్ల యవ్వనాలు దయ్యాల్లా పక్కనే తిరుగుతుంటాయి. ఏడు టోనీ అవార్డులు (బ్రాడ్‌వేలో ఇచ్చే పెద్ద బహుమతులు), 522 ప్రదర్శనలు, అయినా సుమారు 8 లక్షల డాలర్ల పెట్టుబడి పోయింది. 1976లో 'పసిఫిక్ ఓవర్చర్స్', 1853లో అమెరికా నౌకలు జపాన్ తీరానికి రావడాన్ని జపాన్ వాళ్ల సంప్రదాయ నాటకమైన కబుకీ పద్ధతిలో జపాన్ వైపు నుంచి చూపించింది, 193 ప్రదర్శనలకే ఆగింది. ఫాసీ 'చికాగో' 1975లో వచ్చింది, హత్యకేసు మొత్తాన్ని వినోదపు ఐటెమ్‌లుగా మార్చేసి. అప్పట్లో ఓ మోస్తరుగానే ఆడింది. 1996లో తిరిగి వేసినప్పుడు దాని రోజు వచ్చింది.

'ఎ కోరస్ లైన్' మీద మాత్రం ఆగాలి. 1974 జనవరిలో ఒక శనివారం అర్ధరాత్రి, షోలు ముగించుకుని వచ్చిన డాన్సర్లను కూర్చోబెట్టి బెనెట్ టేప్ రికార్డర్ ఆన్ చేశాడు. తెల్లవార్లూ వాళ్ల కథలు వాళ్లు చెప్పుకున్నారు. ఆ టేపులే నాటకం. న్యూయార్క్‌లోని పబ్లిక్ థియేటర్లో నెలల తరబడి వర్క్‌షాప్‌గా పెంచి 1975లో బ్రాడ్‌వేకి తెచ్చారు, 1990 దాకా 6,137 ప్రదర్శనలు. ఒక డాన్స్ ఆడిషన్, పదిహేడు మంది, ఎనిమిది ఉద్యోగాలు. సెట్టు లేదు, వెనక అద్దాలు, నేల మీద ఒక తెల్లగీత. మేము చేసినప్పుడు ఆ గీతను తెల్ల గాఫర్ టేపుతో వేశాం. రోజూ అడుగుల కింద నలిగి నల్లబడేది, రోజూ సాయంత్రం మోకాళ్ల మీద కూర్చుని పాతది పీకి కొత్తది వేయడం నా పని. రెండో వారానికల్లా ఒకటి గమనించాను. బ్రేక్‌లో నీళ్లు తాగడానికి వెళ్తున్న పిల్లలు కూడా ఆ గీత తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్తున్నారు. ఎవరూ చెప్పలేదు వాళ్లకు. ఆ గీత వాళ్లకు అప్పటికే ఉద్యోగానికీ వీధికీ మధ్య హద్దు అయిపోయింది. చివర్లో అందరూ బంగారు రంగు డ్రెస్సుల్లో ఒకే వరసలో ఒకేలా కాళ్లెత్తుతూ వస్తారు. రెండు గంటలు ఒక్కొక్కరి పేరు, ఊరు, తండ్రితో గొడవ అన్నీ తెలుసుకున్న మనం, ఎవరు ఎవరో గుర్తుపట్టలేం. లైట్లు ఆరిపోతాయి, ఆ తర్వాత మళ్లీ నమస్కారాలు ఉండవు.

ఒక హెచ్చరిక. ఈ పేరును పట్టుకుని మరీ గట్టిగా గీతలు గీయకండి. 'కాన్సెప్ట్ మ్యూజికల్' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది మార్టిన్ గాట్‌ఫ్రీడ్ లాంటి విమర్శకులు, చేసినవాళ్లు కాదు. ప్రిన్స్‌కి ఆ ముద్ర అంటే ఒళ్లుమంట. మంచి నాటకానికి ఎలాగూ ఒక కాన్సెప్ట్ ఉంటుంది. తేడా అది ఎంత ముందుకొచ్చి నిలబడింది అన్నదాంట్లోనే. పైగా ఈ పద్ధతి తప్పితే దారుణంగా తప్పుతుంది. ప్రిన్స్, సాండ్‌హైమ్‌లే 1981లో కథను చివరి నుంచి మొదటికి నడిపిన 'మెర్రిలీ వుయ్ రోల్ ఎలాంగ్' చేస్తే 16 ప్రదర్శనలకు మూతపడింది, ఇద్దరూ విడిపోయారు. అదే నాటకం 2023లో తిరిగి వేస్తే జనం క్యూలు కట్టారు, మరుసటి ఏడు టోనీ వచ్చింది.

తప్పడం అంటే ఎలా ఉంటుందో నా సొంత అనుభవం ఒకటి చెబుతాను, ఎందుకంటే చాలామంది సీన్లు పేర్చేసి దాన్ని కాన్సెప్ట్ అనుకుంటారు. కొన్నేళ్ల కిందట ఇక్కడి తెలుగువాళ్ల ఉగాది కార్యక్రమానికి నలభై నిమిషాల సంగీత నాటిక రాశాం. విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చే అమ్మానాన్నల గురించి. ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్, కిటికీలోంచి మంచు, మనవడి ఇంగ్లీషు, పగలంతా నిశ్శబ్దంగా ఉండే ఇల్లు. ఒక్కొక్క సీనూ బాగుంది, జనం నవ్వే చోట్లున్నాయి, కళ్లు తుడుచుకునే చోట్లున్నాయి. అన్నీ కలిపి చూస్తే చప్పగా ఉంది. ఏ సీను తీసేసినా తేడా తెలియడం లేదు. అది నాటకానికి చావు.

రాబిన్స్ ప్రశ్న అడుగుదాం అన్నాను. ఇది దేని గురించి? తల్లిదండ్రుల గురించి. కాదు. ప్రేమ గురించి. కాదు. పిన్ని వరసయ్యే ఒకావిడ, నాటికలో అమ్మ వేషం వేస్తున్న ఆవిడే, కాసేపు విని అన్నారు: "వచ్చిన రోజు నుంచి అందరూ నన్ను ఒకటే అడుగుతారు బాబూ, మళ్లీ ఎప్పుడు వెళ్తున్నారండీ అని." అంతే, దొరికింది. స్టేజీ మధ్యలో ఒక తెరిచిన సూట్‌కేసు, పక్కన సామాను తూచే కాటా. నాటిక మొత్తంలో ఆ పెట్టె మూయరు. ప్రతి సీనూ ఏదో ఒకటి అందులో పెట్టడమో తీయడమో. ఆవకాయ సీసా, మనవడి పాత స్వెటర్, మందుల కవరు. కాటా ముల్లు 50 పౌండ్లు దాటితే ఏదో ఒకటి తీసేయాలి. చివరి సీనులో నాన్న తన చెప్పుల జత తీసి పక్కన పెట్టి, ఆ బరువుకి మనవడు గీసిన బొమ్మల పుస్తకం పెడతాడు. రెండు మంచి సీన్లు పెట్టెతో సంబంధం లేక తీసేయాల్సి వచ్చింది, వాటిలో ఒకటి నేను రాసిందే. తీసేశాక నాటిక నిలబడింది. కాన్సెప్ట్ అనేది పైన పూసే రంగు కాదని, దానికి చెందని మంచి సీన్లను కూడా తీసేయించే కత్తి అని నేను నేర్చుకున్నది అప్పుడే.

ఇప్పటికీ వస్తున్నాయా అంటే, వస్తున్నాయి. 2022లో టోనీ గెలిచిన 'ఎ స్ట్రేంజ్ లూప్' అలాంటిదే. బ్రాడ్‌వేలో జనానికి సీట్లు చూపించే అషర్‌గా పనిచేస్తూ, తనలాంటి అషర్ గురించే మ్యూజికల్ రాసుకుంటున్న నల్లజాతి యువకుడు, అతని ఆలోచనలే ఆరు పాత్రలై స్టేజీ మీద అతన్ని పీక్కుతింటాయి. 'కంపెనీ' లేకుండా ఇది ఉండేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

మీరు 'కంపెనీ' మధ్యలో ఆపేశారన్నారు కాబట్టి నా సలహా. మొదటి నుంచి వద్దు, రెండో భాగం నుంచి పెట్టండి. ఆ టోపీల డాన్సు దగ్గర జంటలు ఒకరికొకరు జవాబిచ్చే చోటు జాగ్రత్తగా వినండి, రాబర్ట్ వంతు వచ్చేదాకా. ఆ తర్వాత వీలైతే 2006 బ్రాడ్‌వే ప్రొడక్షన్ రికార్డింగ్ సంపాదించండి. అందులో నటులే వాయిద్యాలు వాయిస్తారు, స్నేహితులందరి చేతుల్లో ఏదో ఒక వాయిద్యం ఉంటుంది, రాబర్ట్ మాత్రం వాళ్ల మధ్య దాదాపు ఖాళీ చేతులతోనే తిరుగుతుంటాడు. చివరి పాట వచ్చినప్పుడు అతను వెళ్లి పియానో ముందు కూర్చుంటాడు. అతను మొదటి మెట్టు నొక్కేటప్పుడు అతని వేళ్లను చూడండి. చూశాక ఇక్కడే రాయండి, మీకు ఏమనిపించిందో నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.